గంటకి 0.65

నా నడుముకి ఎడమవైపు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద సైజులో ఒక మిషను ఉంటుంది. దాన్నుంచి సన్నటి ట్యూబు బయల్దేరి, పొట్ట మీద అతికించిన చిన్న బిళ్ళలోకి వెళ్తుంది. బిళ్ళ కింద, చర్మం లోపల, మెత్తటి గొట్టం. మూడు రోజులకోసారి దాని చోటు మార్చాలి. ఇన్సులిన్ పంప్ అంటే ఇదే. చూసినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది, "ఓ, అయితే ఇంక అన్నీ అదే చూసుకుంటుందన్నమాట" అంటారు.

అది ఏమీ చూసుకోదు. కనీసం నా దగ్గరున్న మోడల్ చూసుకోదు. చెప్పిన పని చేస్తుంది, అంతే. గంటకి ఇంత చొప్పున ఇన్సులిన్ వదలమంటే రోజంతా చుక్కచుక్కగా వదులుతుంది. దీన్ని బేసల్ అంటారు. ఇన్ని గ్రాముల పిండిపదార్థం తినబోతున్నానని చెప్తే, లెక్కగట్టి ఒక్కసారిగా ఇస్తుంది. అది బోలస్. షుగర్ ఎక్కువైందంటే, దించడానికి ఎంత కావాలో లెక్కేస్తుంది. ఈ లెక్కల వెనక నాలుగు అంకెలుంటాయి. గంటకి బేసల్ ఎంత? ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది? ఒక యూనిట్ షుగర్‌ని ఎంత దించుతుంది? ఇచ్చిన ఇన్సులిన్ ఒంట్లో ఎన్ని గంటలు పనిచేస్తుంది? ఈ నాలుగూ సరిగ్గా లేకపోతే, పంప్ ఎంత ఖరీదైనదైనా, దశాంశ స్థానాలతో సహా, చాలా కచ్చితంగా తప్పు మోతాదే ఇస్తుంది. సెన్సర్ చెప్పేది విని బేసల్‌ని తనే సర్దుకునే పంపులకి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాటిలో చాలావాటిక్కూడా తిండి ముందు ఇచ్చే మోతాదు కోసం ఈ అంకెల్లో కొన్ని మనమే చెప్పాలి.

పోయిన సంవత్సరం నాలుగు నెలలపాటు నేను ఆ నాలుగు అంకెలతోనే కాపురం చేశాను.

*

నాది టైప్ 1. మన ఇళ్ళల్లో "షుగర్" అంటే నలభై దాటాక వచ్చేది, టీలో చక్కెర మానేసి పొద్దున్నే పార్కులో నడిస్తే కాస్త మాట వినేది. నాకు తొమ్మిదో తరగతిలో, పద్నాలుగేళ్ళకి వచ్చింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలని ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేసింది. స్వీట్లు తింటే రాలేదు, మానేస్తే పోదు. బయటినుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే బతకను. కాస్త ఎక్కువిచ్చినా ప్రమాదమే. పదహారేళ్ళుగా ఈ రెంటి మధ్యా ఉన్న ఇరుకు దారిలో నడుస్తున్నాను.

పంప్ పెట్టుకుని రెండేళ్ళయింది. అంకెల వెంట ఇంతలా పడటానికి కారణం మాత్రం వేరు. మా పెళ్ళై మూడేళ్ళు. బిడ్డ కావాలనుకున్నాం. ఆ మాట చెప్పగానే డాక్టర్ మేడం ఫైలు మూసేసి, "ముందు ఏ1సీ 6.5 లోపుకి రానీ అమ్మా. అప్పటిదాకా తొందరపడకండి," అన్నారు. అప్పటికి నాది 7.4. బిడ్డ గుండె, వెన్నెముక రూపం పోసుకునేది మొదటి వారాల్లోనే. చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసేలోపే సగం పని అయిపోతుంది. ఆ వారాల్లో తల్లి షుగర్ ఎక్కువుంటే లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే ఈ పరీక్ష ముందే రాయాలి.

ఏ1సీ అనేది రెండు మూడు నెలల సగటు లెక్క. 7.4 అంటే సగటు షుగర్ సుమారు 166. 6.5 అంటే సుమారు 140. తేడా 26. వింటే పెద్దగా అనిపించదు. ఇన్సులిన్ పెంచుకుంటూ పోతే సగటు ఎలాగైనా దిగుతుంది కూడా. చిక్కంతా సగటు అనే మాటలోనే ఉంది. రాత్రి 50కి పడిపోయి, పగలు 230కి ఎక్కేవాళ్ళ సగటూ 140 కావచ్చు. రోజంతా 120కీ 160కీ మధ్య ఉన్నవాళ్ళ సగటూ 140 కావచ్చు. కాగితం మీద ఇద్దరూ ఒకటే.

ఇది అనుభవపూర్వకంగా వైద్యానికి తెలిసిన సంగతే. అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 వాళ్ళ మీద ఏళ్ళ తరబడి చేసిన డీసీసీటీ అనే అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. షుగర్‌ని గట్టిగా అదుపులో పెడితే, అప్పటికి కళ్ళు బాగున్నవాళ్ళలో రెటీనా జబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకీ, నరాలకీ కూడా మేలు జరిగింది. ఆ వైద్యమే తీసుకున్నవాళ్ళలో, పక్కవాళ్ళ సాయం కావాల్సినంతగా షుగర్ పడిపోవడం మూడింతలైంది. నా తరం టైప్ 1 వాళ్ళందరం ఈ రెండు వాక్యాల మధ్య పెరిగాం.

ఇప్పుడు సెన్సర్లు వచ్చాయి. ఐదు నిమిషాలకో అంకె, రోజుకి 288. అందుకని 2019లో నిపుణులు ఇంకో కొలత మీద ఏకాభిప్రాయానికొచ్చారు. షుగర్ 70కీ 180కీ మధ్య ఎంతసేపుంది? రోజులో 70 శాతం పైగా ఉండాలి. 70 కంటే కింద 4 శాతం కూడా ఉండకూడదు. నాది ఆ మధ్యలో 56 శాతం. కింద 7 శాతం. అంటే బాగా పైనా ఉన్నాను, బాగా కిందా ఉన్నాను. ఊరికే ఇన్సులిన్ పెంచితే బిడ్డ కోసమని రాత్రిళ్ళు నేను స్పృహ తప్పాలి.

*

అంకెలతో మనకున్న సంబంధం గురించి కాస్త చెప్పాలి. నేను ఇంటర్ చదివింది విజయవాడలో, హాస్టల్లో. ఆదివారం పరీక్ష, రెండు రోజులాగి నోటీసు బోర్డు మీద ర్యాంకులు. బోర్డు ముందు నిలబడ్డప్పుడు కడుపులో ఏదో జారినట్టుంటుంది చూడండి, గ్లూకోమీటర్ ఐదు సెకన్లు లెక్కపెడుతున్నప్పుడు కూడా అచ్చం అలాగే ఉంటుంది. "షుగరెంత?" అని అమ్మ అడిగే గొంతూ, "మార్కులెన్ని?" అని నాన్న అడిగే గొంతూ ఒకటే. 240 అంటే అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత, "ఏం తిన్నావ్?"

ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది. ఒక నేరం కూడా ఉంది. ఏదో తిని ఉంటుంది, లేకపోతే ఎందుకు పెరుగుతుంది? క్లినిక్ బయట బెంచీ మీద, పిలుపు రాకముందు, లాగ్ బుక్కులో నెల రోజుల అంకెలు ఒకే పెన్నుతో, ఒకే రాతతో నింపుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. 110, 126, 118. అన్నీ ఫస్ట్ క్లాసు మార్కులే. ఆ పుస్తకం చూసి మోతాదు నిర్ణయించే డాక్టరుకి, ఎదురుగా ఉన్న బిడ్డ ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు.

పంప్ సెట్టింగులు సరిచేయడమంటే ముందు ఈ మార్కుల భాష పక్కన పెట్టాలి. 240 అన్నది నా గురించి తీర్పు చెప్పడం లేదు. ఈ గంటకి ఈ ఇన్సులిన్ చాల్లేదని కబురు పంపుతోంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ ప్రోగ్రామ్ ఫెయిలైతే దాన్ని ఎవరూ తిట్టరు. ఏ ఇన్‌పుట్‌కి ఫెయిలైంది, మళ్ళీ అదే ఇన్‌పుట్ ఇస్తే మళ్ళీ ఫెయిలవుతుందా అని చూస్తారు. మేడం నాకు పెట్టిన నియమాలూ అవే. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చాక కనీసం మూడు రోజులు చూడు. ఒకే గంటలో ఒకే తేడా మళ్ళీమళ్ళీ కనిపిస్తేనే దాన్ని నమ్ము. ప్రతి మార్పూ నాకు చెప్పి చెయ్యి. పై అంకెల కంటే ముందు కింది అంకెలు సరిచెయ్యి.

*

మొదట్లో పంప్‌లో పెట్టే అంకెలు ఎక్కడినుంచి వస్తాయి? ఇంజెక్షన్లు వేసుకునే రోజుల్లో నాకు రోజుకి 40 యూనిట్లు పట్టేది. పంప్‌కి మారితే మామూలుగా కాస్త తక్కువ సరిపోతుంది కాబట్టి దాన్ని 32 చేశారు. అందులో సగం, 16, బేసల్‌కి. 24 గంటలకి పంచితే గంటకి సుమారు 0.65. తర్వాత 500ని 32తో భాగిస్తే 15 చిల్లర. అంటే 15 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్. 1800ని 32తో భాగిస్తే 56. అంటే ఒక యూనిట్ షుగర్‌ని సుమారు 55 దించుతుంది. ఈ 500, 1800 ఎంతోమంది రోగుల లెక్కలు చూసి డాక్టర్లు కట్టిన ఉజ్జాయింపు సూత్రాలు. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ అవి రెడీమేడ్ చొక్కాలాంటివి. భుజం దగ్గర సరిపోతే చేతులు పొడుగవుతాయి. ఆల్టరేషన్ తప్పదు.

ఆల్టరేషన్ బేసల్‌తో మొదలవ్వాలి. ఏమీ తినకుండా, ఏమీ చేయకుండా ఉన్నప్పుడు షుగర్ ఉన్నచోట ఉంటే బేసల్ సరిగ్గా ఉన్నట్టు. అది తేలకుండా మధ్యాహ్నం అన్నానికి ఎంతివ్వాలో చూడటం, ఊగే తక్కెడలో కూరగాయలు తూయడమే. తేలాలంటే ఖాళీ కడుపుతో ఉండాలి. రోజుని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో రోజు ఒక్కో ముక్క. అంతకుముందు నాలుగు గంటల్లో తిండీ, బోలసూ ఉండకూడదు. ముందు పూట నూనె వస్తువులు తినకూడదు. జ్వరం, జిమ్ము, ఆఫీసులో రిలీజు, ఏవీ ఉండకూడదు. మధ్యలో 70 కిందకి పడితే పరీక్ష ఆపేసి తినాలి. బాగా పెరిగినా ఆపేయాలి.

మా అమ్మమ్మ ఏకాదశి ఉపవాసాలు చేసేది. ఆ రోజు ఆవిడ నడక కూడా మారిపోయేది. నెమ్మదిగా, ఒంట్లో ఏం జరుగుతోందో వింటున్నట్టు ఉండేది. నేను ఆదివారాలు బ్రేక్‌ఫాస్ట్ మానేసి, మంచం మీద కూర్చుని, గంటకోసారి వేలు గుచ్చుకుంటూ అంకెలు రాసుకుంటుంటే ఆవిడే గుర్తొచ్చేది. నాకు పుణ్యం ఏమీ రాదు. కాకపోతే పదహారేళ్ళలో మొదటిసారి, ఏమీ సరిదిద్దకుండా, నా ఒళ్ళు తనంతట తాను ఏం చేస్తుందో చూస్తూ కూర్చున్నాను.

అసలు సంగతి రాత్రి పరీక్షలో బయటపడింది. సాయంత్రం ఆరున్నరకే తేలిగ్గా తినేసి, పదకొండు నుంచి మొదలుపెట్టాను. సెన్సర్ ఉంది. కానీ అది కొలిచేది కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెరని. రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. అందుకని మా ఆయన అలారాలు పెట్టుకుని, నిద్రలో ఉన్న నా వేలు పట్టుకుని పరీక్ష చేసేవారు. పదకొండుకి 128. ఒంటిగంటకి 101. రెండింటికి 84. మూడింటికి 82. ఐదింటికి 121. ఏడింటికి 165. మూడు రాత్రులు చూస్తే, అంకెలు కాస్త అటూ ఇటూ అయినా ఆకారం అదే. ముందు లోయ, తర్వాత కొండ.

చాలామందిలో అర్ధరాత్రి దాటాక ఇన్సులిన్ అవసరం బాగా తగ్గుతుంది. తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ లాంటివి పనిలోకి దిగుతాయి. వాటి మాట విని లివర్ రక్తంలోకి చక్కెర వదులుతుంది. కోడి కంటే ముందే లివర్ లేస్తుందన్నమాట. నా 0.65 ఈ రెంటికీ సగటు. మొత్తం రాత్రి మీద చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. విడివిడిగా చూస్తే ఏ గంటకీ సరిగ్గా లేదు.

ముందు లోయ. షుగర్ పడేది పదకొండు తర్వాత. కానీ బేసల్ మార్పు పనిలో కనపడటానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా 0.55 చేశాం. మూడు రాత్రులు ఆగాం. లోయ పూడింది. తర్వాత కొండ. రెండు నుంచి ఆరు దాకా 0.75. చాల్లేదు. వారం తర్వాత 0.80. ఇప్పుడు రాత్రి పదకొండుకి 120తో పడుకుంటే పొద్దున్న 115తోనో 125తోనో లేస్తాను. పదో వంతు యూనిట్ అంటే, మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు. అంత చుక్క కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

లోయ గ్రాఫుని తెనాలిలో ఉన్న అమ్మకి పంపాను. నాకు జబ్బొచ్చిన దగ్గర్నుంచీ అమ్మ రాత్రి రెండింటికి లేస్తుంది. అలారం లేకుండానే. నా మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. చెమట తగిలితే షుగర్ పడినట్టు, గ్లూకోజు నీళ్ళు కలుపుకొచ్చేది. ఇప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నా రెండింటికి మెలకువ వస్తుందట. గ్రాఫు చూసి అమ్మ, "ఇందులో కొత్తేముంది? రెండింటికే కదా నీకు చెమటలు పట్టేది," అంది. మేము మూడు రాత్రులు కష్టపడి కనుక్కున్నది ఆవిడ చేతికి ఎప్పుడో తెలుసు.

*

ఇక వంటిల్లు. పాశ్చాత్య దేశాల్లో పొట్లం వెనక్కి తిప్పి గ్రాములు చదువుకుంటే సగం పని అయిపోతుంది. గుత్తొంకాయ కూరకి వెనక వైపు ఉండదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలని విశ్లేషించి ఒక పెద్ద పట్టిక వేసింది. గొప్ప పని. కానీ అందులో ఉండేవి ముఖ్యంగా ముడిసరుకులు. బియ్యం ఉంటుంది, పులిహోర ఉండదు. బియ్యం నుంచి పులిహోర దాకా లెక్క మనమే నడవాలి.

కాబట్టి తూకం మిషను కొన్నాం. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా వండితే ఇంకాస్త తగ్గుతుంది. ఇన్నాళ్ళ నా "రెండు గరిటెలు" అన్న లెక్క అమ్మ గరిటెకి ఒకలా, అత్తయ్య గరిటెకి ఇంకోలా ఉంటుందని తూచాకే తెలిసింది. కంచం తక్కెడ మీద పెట్టి అన్నం వడ్డించుకోవడం చూసి అత్తయ్య మొదటి రోజు మొహం చిన్నబుచ్చుకున్నారు. అన్నాన్ని కొలవకూడదంటారు కదా. రెండు వారాలు పోయాక ఆవిడే, "ఉండు, నేను వడ్డిస్తా. చూడు ఎంతొచ్చిందో," అని పందెం వేయడం మొదలుపెట్టారు. 150 అనుకుని వడ్డిస్తే 147. ఇప్పుడు తక్కెడ బయటికి తీసేది కొత్త కూరలకి మాత్రమే.

"షుగర్ వాళ్ళ బియ్యం" అని చుట్టాలు బస్తాలు సిఫారసు చేస్తుంటారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనాకి గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువని పేరు. మేమూ అదే తింటాం. కానీ ఇండెక్స్ తక్కువంటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుందని అర్థం. గ్రాములు దాదాపు అవే. పంప్‌కి చెప్పాల్సిన లెక్క మారదు, మారేది వేగమే.

రేషియో తేల్చడానికి ఒకే భోజనం మళ్ళీమళ్ళీ తినాలి. నేను ఇడ్లీలు ఎంచుకున్నాను. మా ఇంటి ఇడ్లీ ఒక్కోటి 50 గ్రాములు తూగింది. ఒక్కోదానికి 12 గ్రాముల పిండిపదార్థం లెక్కేస్తే మూడింటికి 36. యూనిట్‌కి 15 చొప్పున 2.4 యూనిట్లు. తినేముందు 115. నాలుగు గంటల తర్వాత 181. పెరిగింది 66. నాకు యూనిట్ దించేది 55 కాబట్టి 1.2 యూనిట్లు తక్కువయ్యాయి. మొత్తం 3.6 కావాలి. 36ని 3.6తో భాగిస్తే 10. అంటే పొద్దున్న నా ఒంటికి 15 చాలదు, 10 కావాలి. మేడం ఒకేసారి అంత దూకనివ్వలేదు. ముందు 12, వారం తర్వాత 10. మధ్యాహ్నానికీ రాత్రికీ మాత్రం 15 బాగానే కుదిరింది. పొద్దున్న ఇన్సులిన్ మొండికేయడం చాలామందిలో ఉన్నదే.

ఇంకొకటుంది. బోలస్ ఇచ్చిన పదిహేను ఇరవై నిమిషాలకి గానీ ఇన్సులిన్ సరిగ్గా పని మొదలుపెట్టదు. ఇడ్లీ అంతకాలం ఆగదు. ఆవిరి పోకముందే తినమని మీద మీద వడ్డించే ఇళ్ళల్లో, పొగలు కక్కే ఇడ్లీ ముందు పెట్టుకుని గోడ గడియారం చూడటం వంట చేసినవాళ్ళని అవమానించడమే. అందుకని మా ఇంట్లో ఇప్పుడు కుక్కర్ స్టవ్ ఎక్కినప్పుడే ఎవరో ఒకరు అరుస్తారు, "కొట్టేశావా?" అని. అంటే బోలస్.

బిర్యానీది ఇంకో తీరు. నెయ్యీ మాంసమూ కడుపులోంచి అన్నాన్ని త్వరగా కదలనివ్వవు. తిన్న గంటన్నరకి షుగర్ బుద్ధిగా ఉంటుంది. అసలు ఎక్కడం నాలుగో గంటలో మొదలై అర్ధరాత్రి దాకా సాగుతుంది. దీనికి పంప్‌లో ఒక వెసులుబాటుంది. మోతాదులో సగం ఇప్పుడిచ్చి, మిగతా సగాన్ని మూడు గంటల మీద పరచవచ్చు. ఎంత ముందు, ఎంత వెనక, ఎన్ని గంటలు? నాలుగు శనివారాల బిర్యానీ పట్టింది. మా ఆయన ఈ ప్రయోగాల్లో మాత్రం చాలా శ్రద్ధగా పాల్గొన్నారు.

నాలుగో అంకె, ఇన్సులిన్ ఎంతసేపు పనిచేస్తుందన్నది, నిజానికి ఓపిక కొలత. షుగర్ 220 ఉంది, రెండు యూనిట్లు ఇచ్చాం. గంట తర్వాత చూస్తే 205. ఇంకో రెండు ఇవ్వాలని చెయ్యి లాగుతుంది. కానీ మొదటి రెండూ ఇంకా సగం పని కూడా చేయలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే మూడో గంటకి 50. నా పంప్‌లో నాలుగు గంటలని పెట్టాం. ఒంట్లో ఇంకా ఎంత మిగిలుందో అది లెక్కపెట్టి చూపిస్తుంది, కొత్త మోతాదులోంచి తీసేస్తుంది. లెక్క మిషను చేస్తుంది. ఆగడం మనం చేయాలి.

*

ఇంత చేశాక కూడా నెలలో ఒక వారం అన్నీ తలకిందులయ్యేవి. అదే తిండి, అదే బేసల్, కానీ అన్ని పూటలా 30, 40 ఎక్కువ. మూడు నెలల గ్రాఫులు కేలెండర్ పక్కన పెట్టి చూస్తే తెలిసింది. పీరియడ్‌కి ఐదు రోజుల ముందు మొదలై, మొదటి రోజు మధ్యాహ్నానికి ఎవరో స్విచ్ తీసేసినట్టు దిగిపోతోంది. ఆ రోజుల్లో హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వవు. ఇన్నేళ్ళలో ఎన్నో క్లినిక్కుల్లో ఎన్నో ప్రశ్నలడిగారు గానీ, షుగర్ పెరిగింది అన్నప్పుడు తేదీ ఎవరూ అడగలేదు. అందరూ అడిగింది ఏం తిన్నావనే.

ఇప్పుడు ఆ ఐదు రోజులకి వేరే బేసల్ వరస ఉంది. మామూలు కంటే 15 శాతం ఎక్కువ. అమ్మమ్మ గొంతు తగ్గించి "బయట ఉంది" అని చెప్పే విషయం నా పంప్‌లో "ప్రొఫైల్ 2".

*

ఇదంతా డబ్బుతో పని. పంప్ ధర లక్షల్లో ఉంటుంది. ట్యూబులు, సెన్సర్లు నెలనెలా కొనాలి. రెండు సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇల్లు కాబట్టి మాకు కుదిరింది. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ తీసుకున్న లెనార్డ్ థాంప్సన్‌కి పద్నాలుగేళ్ళు, నాకు జబ్బొచ్చిన వయసే. ఇన్సులిన్‌ని కనుక్కున్నవాళ్ళు పేటెంటుని టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకి ఇచ్చేశారు. బాంటింగ్ అయితే పేటెంటు మీద తన పేరే వద్దన్నాడు. వందేళ్ళు దాటాక ఆ మందుని ఒంటికి సరిగ్గా చేర్చడం ఇంత ఖరీదైన వ్యవహారంగా ఉండటం గురించి వేరే వ్యాసం రాయాలి. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఒకసారికి ఒక్కటే మార్చడం, మూడు రోజులు ఆగడం, అంకెని నిజంగా రాసుకోవడం, వీటికి పంప్ అక్కర్లేదు. సిరంజి వాడే పిల్లలకీ ఇవి పనికొస్తాయి. లాగ్ బుక్కులో 240 రాసిన పిల్లని ఎవరూ తిట్టకుండా ఉంటే చాలు.

నాలుగు నెలల తర్వాత రిపోర్టు వచ్చింది. 6.6. "ఒక్క మార్కులో పోయింది," అన్నారు మా ఆయన. మేడం ఆ అంకెని ఒకసారి చూసి, సెన్సర్ గ్రాఫు తెరిచి చాలాసేపు చూశారు. 70కీ 180కీ మధ్య 76 శాతం. కింద 3 శాతం. రాత్రి గీత దాదాపు చదునుగా ఉంది. "సెట్టింగులు కదపకు. ఆరు వారాల తర్వాత మళ్ళీ చేయిద్దాం," అన్నారు. ఆరు వారాల తర్వాత 6.4. మందుల చీటీలో కొత్తగా ఒక మాత్ర చేరింది. ఫోలిక్ యాసిడ్.

ఆ చీటీ ఇస్తూనే మేడం ఇంకో మాట చెప్పారు. నెల తప్పిన మొదటి వారాల్లో ఇన్సులిన్ అవసరం తగ్గొచ్చు, రాత్రిళ్ళు జాగ్రత్త. ఐదో నెల దగ్గర్నుంచి పెరుగుతూ పోతుంది, రెండింతలు దాటినా కంగారు పడకు. కాన్పయిన రోజే మళ్ళీ ఒక్కసారిగా పడిపోతుంది. "ఇప్పుడు నీ దగ్గరున్న అంకెలన్నీ పెన్సిల్‌తో రాసుకున్నవనుకో," అన్నారు. ఇంత కష్టపడి తేల్చిన 0.55, 0.80, 10, 15, ఏవీ మిగలవన్నమాట. నాకేమీ బాధనిపించలేదు. అవి ఎలా దొరికాయో నాకు తెలుసు.

మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. గొంతులో కాస్త కంగారు. నాకేమైందో అనుకుని అడిగాను. "ఏం లేదమ్మా. రాత్రి రెండింటికి మెలకువ రాలేదు. తెల్లారి ఆరింటిదాకా పడుకుండిపోయాను," అంది, ఏదో తప్పు చేసినట్టు.